ఫల్గుణరావు మీదుగా దారి

పెద్ద వరద వచ్చి మూడేళ్ళు నిండి నాలుగో ఏడు నడుస్తుండగా జరిగిందిది. మా వైపు ఏ సంగతికైనా ఆ వరదే కొలత. ఫలానా పెళ్ళి వరదకి ముందా తరవాతా, ఫలానా దూడ వరదలో కొట్టుకుపోయిన గేదెదా కాదా, ఇలాగే చెప్పుకుంటాం. ఆ కొలత ప్రకారం నేను పునరావాస కార్యాలయంలో అటెండరుగా చేరి మూడేళ్ళు. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్ళు నీటిపారుదల వారి దగ్గర అదే పని. వరదతో అక్కడ నీళ్ళు ఎక్కువై, ఇక్కడ మనుషులు తక్కువై, నన్ను ఇటు పంపారు.

వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకి తొమ్మిది మండలాల్లో కాలనీలు కట్టారు. ఇళ్ళు పూర్తయ్యాయి. తాళాలు వేసి, తాళంచెవులకి నంబరు బిళ్ళలు కట్టి, ఏ మండలానివి ఆ మండలం ఆఫీసు బీరువాలో పెట్టారు. చెవి ఇవ్వడానికి ఒకటే నిబంధన. కంప్యూటరులో మనిషి పేరు పక్కన ఆ మనిషి ఫోటో కనబడాలి. వరద వచ్చిన వారంలో శిబిరాల్లో తీసిన ఫోటోలవి. పై ఊళ్ళ వాళ్ళు వచ్చి ఇళ్ళు తన్నుకుపోకుండా పెట్టిన నిబంధన. మంచిదే. దానికో గడువు కూడా పెట్టారు. ఆ పై నెల పద్నాలుగో తారీకు సాయంత్రం ఐదు గంటలకి ఎవరి ఫోటో కనబడలేదో వాళ్ళని ‘చిత్రరహితులు’ అనే జాబితాలో వేసి, వాళ్ళ ఇల్లు వెనక వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఈ పేర్లూ ఫోటోలూ చూపించే ఏర్పాటంతా కాంట్రాక్టు మీద వచ్చిన ఫల్గుణరావు అనే ఇంజనీరు తన సొంత కంప్యూటరు మీద తయారు చేశాడు. మంచివాడు, టీ తాగిన గ్లాసు తనే కడిగి పెట్టేవాడు. ఆయనకి ఇంకోచోట ఉద్యోగం వచ్చి కంప్యూటరుతో సహా వెళ్ళిపోయాడు. ఆఫీసులన్నిటికీ కొత్త కంప్యూటర్లు దింపారు. మొదటి రోజు తెర తీసి చూస్తే పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఫోటో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గడి, ఆ గడి మూలన చిరిగిన కాగితం లాంటి చిన్న గుర్తు. మా మండలంలో ఆరువందల పన్నెండు పేర్లు, ఆరువందల పన్నెండు చిరిగిన కాగితాలు.

ఆ రోజు వరసలో అందరికంటే ముందు నిలబడింది పల్లాలమ్మ. లంకలో ఆమె ఇల్లు పునాదితో సహా ఏట్లో కలిసిపోయింది. భర్త వరదకి ముందే పోయాడు. కాళ్ళు పడిపోయిన అత్తగారిని పెట్టుకుని తుఫాను షెల్టరు పై అంతస్తులో ఉంటోంది. కింది అంతస్తులో ఎరువుల బస్తాలు పెట్టారు, తడిస్తే పాడవుతాయని. మనుషులు పైన. మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఆసుపత్రికైనా, కాసేపు ఎండలో కూచోడానికైనా ముసలావిణ్ణి పల్లాలమ్మే వీపు మీద దింపాలి, వీపు మీదే ఎక్కించాలి. ఆ మధ్య వానాకాలంలో ఇద్దరూ కలిసి పడ్డారు. కాలనీలో ఎనభై ఏడో నంబరు ఇల్లు ఆమె పేరున రాశారు. ఆ ఇంటికి ఒక్కటే మెట్టు. పల్లాలమ్మ వెళ్ళి చూసి వచ్చింది.

మా సూపరింటెండెంటు ఆదిశేషయ్య గారు తెర మీద వేలు పెట్టి, పేరుందమ్మా, నువ్వు లేవు అన్నారు.

“ఉన్నానండి. మీ ఎదురుగుండా ఉన్నాను గదండీ” అంది పల్లాలమ్మ.

మనిషి రావడం లెక్కలోకి రాదనీ, ఫోటో రావాలనీ ఆయన ఓపిగ్గానే చెప్పారు. ఆవిడ రేపొస్తానని వెళ్ళింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆ పై మర్నాడూ.

ఫల్గుణరావు స్థానంలో కాంట్రాక్టు మీద వచ్చిన నజీమా గారు ఆ మొదటి రోజు సాయంత్రమే లోపం పట్టుకుంది. ఆమె నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. పై వాళ్ళకి చెప్పబోయే ముందు నాకు చెప్పి చూసుకుంది, నాకు అర్థమైతే ఎవరికైనా అవుతుందని కాబోలు.

కంప్యూటరుకి ఫోటో ఎక్కడుందో మనమే దారి రాయాలట. ఫల్గుణరావు వీధి గుమ్మం దగ్గర్నుంచి మొత్తం దారి రాసేశాడట. సీ అనే పెద్ద ఇంట్లోకి వెళ్ళు, అందులో వాడుకునేవాళ్ళ వసారాలోకి వెళ్ళు, అందులో ఫల్గుణరావు గదిలోకి వెళ్ళు, అక్కడ వరద అనే పెట్టె ఉంటుంది, అందులో ఫోటోలు. ఆయన కంప్యూటర్లో ఆ గది ఉంది కాబట్టి కనబడేవి. ఇప్పుడు ఏ ఆఫీసులో తెర తీసినా ఆ ఆఫీసు కంప్యూటరు తన లోపలే ఫల్గుణరావు గది కోసం వెతుక్కుంటుంది. ఉండదు. చిరిగిన కాగితం చూపిస్తుంది. ఫోటోలు ఆయన ఇచ్చి వెళ్ళిన డిస్కులో భద్రంగా ఉన్నాయి, దారే చెడింది.

“ఇంకో పద్ధతి ఉంది బాబాయ్ గారూ. ఉన్నచోటు నుంచి దారి చెప్పడం. ‘నువ్వున్న గదిలోంచి ఒక గడప ఇవతలికి రా, పక్క గదిలో ఫోటోలున్నాయి’ అని రాసి, ఫోటోలు ఆ పక్క గదిలో పెడితే సరి. ఇల్లంతా ఎత్తుకెళ్ళి ఎక్కడ పెట్టినా ఆ దారి చెడదు.”

నాకది కొత్తగా అనిపించలేదు. రికార్డు గదిలో నేను పేర్ల రిజిస్టరు ఏ అరలో ఉంటే దాని కింది అరలోనే ఆ ఊరి కాగితాల కట్ట పెడతాను. బీరువాను ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపినా కట్ట రిజిస్టరు కిందే ఉంటుంది. ఉత్తరపు గోడ, మూడో బీరువా అని రాసుకుంటే సున్నాలు వేసిన ప్రతిసారీ వెతుక్కోవాలి.

ఎంత పని అని అడిగాను. రేపు భోజనాల వేళకి అయిపోతుందంది.

మర్నాడు భోజనాల వేళకి సమావేశం మొదలైంది.

మా ప్రత్యేకాధికారి విశ్వపతి గారు మామూలు మాట మాట్లాడినా కింద సంతకం పెట్టినట్టుండేది. నజీమా గారు చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సదరు రచన నలభై ఒక్క మంది సభ్యుల సాంకేతిక సమితి పరిశీలించి ముద్ర వేసినదనీ, ఆమోదిత మార్గంలో అక్షరం మార్చాలన్నా అదే సమితి అదే నలభై ఒక్క సంతకాలతో మార్చాలనీ చెప్పారు. ఎన్నాళ్ళు పడుతుందని నజీమా గారు అడిగింది. గతానుభవాన్ని బట్టి పదకొండు మాసాలు అన్నారు.

అయితే అసలు అలాంటి మార్గాలు ఎన్నున్నాయో ముందు విచారణ జరగాలన్నారు. కంప్యూటరునే అడిగితే చిటికెలో వెతికి పెడుతుందని నజీమా గారంది.

“యంత్రం తన దోషాన్ని తానే అన్వేషించుకుంటే అది విచారణ కాదు, ఒప్పుకోలు” అన్నారు విశ్వపతి గారు.

కాబట్టి ఆ రాతంతా కాగితాల మీద అచ్చు వేశారు. పదకొండు వందల నలభై పేజీలు. కట్టలు నేనే మోశాను. ఎవరు వెతకాలన్నది తరవాతి సమస్య. ఇంగ్లీషు తెలిసినవాళ్ళయితే అర్థం చూసి ఒక పక్షానికి మొగ్గే ప్రమాదం ఉంది. నిష్పక్షపాతంగా ఉండాలంటే ఇంగ్లీషు ముక్క కూడా రానివాడు కావాలి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి, టీ గ్లాసులు తీస్తున్న నావైపు చూశారు.

నజీమా గారు నాకు చీటీ మీద గుర్తులు వేసిచ్చింది. ఏటవాలు గీత కనబడితే ఆగాలి. దాని ముందు రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటే అది వీధి గుమ్మం నుంచి రాసిన దారి, ఎర్ర పెన్సిలు. రెండు చుక్కలు పక్కపక్కన ఉంటే అది ఉన్నచోటు నుంచి రాసిన దారి, నీలం పెన్సిలు. రికార్డు గది కిటికీ దగ్గర బల్ల వేసుకుని, చెక్క స్కేలు ఒక్కో వరస కిందికి జరుపుకుంటూ మూడు రోజులు చూశాను. నాలుగో రోజు మొదటి నుంచి ఇంకోసారి చూడమన్నారు, చూశాను. ఎర్రవి తొమ్మిది. నీలంవి రెండువందల పద్నాలుగు.

విచిత్రమేమిటంటే ఆ నీలం దారులు రెండువందల పద్నాలుగూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. తెర పైన గవర్నమెంటు ముద్ర, దాని కింద పట్టీ, అక్షరాల రంగు, నొక్కే బొత్తాలు, అన్నీ ఆ పక్కచుక్కల దారుల్లోంచే వస్తున్నాయి. పనిచేయనివి ఎర్రవి తొమ్మిదే.

విశ్వపతి గారు నివేదిక చదివారు. తరవాత తీర్పు చెప్పారు. ‘ఒక గడప ఇవతలికి, పక్కన’ అనేవి ఊరూ పేరూ లేనివాళ్ళు చెప్పే ఆనవాళ్ళు. అవి పనిచేస్తున్నంత మాత్రాన వాటికి గౌరవం రాదు, వాటి మీద వేరే విచారణ ఉంటుంది. తొమ్మిది మార్గాలు మాత్రం ఇంటి పేరుతో సహా సంపూర్ణమైన చిరునామా కలిగినవి.

“అవి ఫలించకపోవడం మార్గం దోషం కాదు, పరిసరాల దోషం. మార్గం నిర్దోషి. పరిసరాలను మార్గానుగుణంగా సవరించవలెను” అన్నారు. ఆదిశేషయ్య గారు అది అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.

పల్లాలమ్మ వరండా బల్ల మీద కూచునుంది. ఏమైందన్నయ్యా అంది. నాకు చేతనైనంతలో చెప్పాను. ఉన్నచోటు నుంచి చెప్పే దారులకి గౌరవం లేదన్నారని కూడా చెప్పాను.

“మాదీ అలాటి దారే గదన్నయ్యా. ఎవరన్నా అడిగితే ఎరువు బత్తాల మీద అంతత్తు అని చెప్తన్నాం” అంది. నవ్వింది కూడా. తరవాత, ముసల్దానికి జ్వరంగా ఉందని లేచి వెళ్ళింది.

నజీమా గారు ఊరుకోలేదు. దారి మార్చకూడదంటే సరే, ప్రతి కంప్యూటర్లోనూ ఫల్గుణరావు పేరున ఒక గది తెరిచి, డిస్కులోంచి ఫోటోలు అందులో పోస్తే చాలంది. ఒక్కోదానికి పది నిమిషాలు. పరిసరాలను సవరించడమంటే ఇదే కదండీ అని విశ్వపతి గారి మాటే ఆయనకి చెప్పింది. ఆయన సంతోషించారు. అడ్డు వచ్చింది ఆదిశేషయ్య గారు. కంప్యూటర్లో గది తెరవాలంటే ఆ పేరు గల ఉద్యోగి ఆ కార్యాలయంలో ప్రస్తుతం పనిచేస్తూ ఉండాలి, వేలిముద్ర వేయాలి. దానికో సర్క్యులరు ఉంది. వెనకటికి ఎక్కడో చనిపోయిన గుమాస్తా పేరున గది తెరిచి ఆయన చేత రెండేళ్ళు ఉత్తర్వులు జారీ చేయించారట. అదీ మంచి సర్క్యులరే.

కాబట్టి ఫల్గుణరావు కావాలి. ఆఫీసుకొకడు. తొమ్మిది మంది.

జిల్లాలో అన్ని శాఖల ఉద్యోగుల జాబితాలూ తెప్పించారు. పదిహేడు వేల పేర్లలో ఫల్గుణరావులు ముగ్గురు తేలారు. ఒకాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఇంకొకాయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మూడో ఆయన మత్స్యశాఖలో పడవ నడుపుతాడు. ముగ్గురినీ అత్యవసరంగా మా శాఖకి బదిలీ చేశారు. పడవాయన, తన పూచీలో ఉన్న పడవని వదిలి రావడానికి నిబంధన ఒప్పుకోదన్నాడు. పడవని కూడా లారీ మీద తెచ్చి, ఆయన్ని వేసిన మండలాఫీసు ముందు, తులసి కోట పక్కన పెట్టారు. ఆయన రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి లోపలికి వెళ్ళేవాడు.

కాంపౌండరు మా ఆఫీసుకి వచ్చాడు. ఉత్తర్వుల్లో ఆయన పేరు ఫల్గుణరావు (ఒకటి). చెయ్యి మంచిదని పేరున్న మనిషి. ఆయన ఫలానా చోట కూచుంటున్నాడని రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. వారం తిరిగేసరికి మా వరండాలో ఇళ్ళ కోసం వచ్చినవాళ్ళ కంటే దూడలు ఎక్కువ. ఆదిశేషయ్య గారు రెండు వరసలు పెట్టించి, మధ్యలో తాడు కట్టించారు. ఫల్గుణరావు (ఒకటి) వేలిముద్ర వేసి గది తెరిస్తే నజీమా గారు ఫోటోలు పోసింది. గడులన్నీ నిండాయి. పల్లాలమ్మకి ఆ రోజే చెవి ఇచ్చేస్తారనుకున్నాను. విశ్వపతి గారు ఆపారు. ఒక మండలానికి ముందిచ్చి ఎనిమిది మండలాలకి తరవాతిస్తే సమన్యాయం దెబ్బతింటుంది. తొమ్మిదింటా ఫల్గుణరావులు కుదురుకున్నాక, పదమూడు, పద్నాలుగు తారీకుల్లో ఏకకాలంలో పంపిణీ.

మిగిలిన ఆరుగురి కోసం ‘స్వచ్ఛంద నామాంతరీకరణ పథకం’ పెట్టారు. ఏ ఉద్యోగి అయినా స్టాంపు కాగితం మీద నోటరీ ఎదుట తన పేరు ఫల్గుణరావుగా మార్చుకుంటే, కోరుకున్న ఊరికి బదిలీ. తొమ్మిదేళ్ళుగా భార్యాబిడ్డలకి దూరంగా ఉంటున్న ఒక గుమాస్తా ఫల్గుణరావు (నాలుగు) అయ్యాడు. వాళ్ళమ్మ, నా కొడుక్కి వండిన అన్నం ఫల్గుణరావుకి పెట్టనంటే మూడు రోజులు హోటల్లో తిన్నాడు. మా టైపిస్టు ఒకావిడ పుట్టిల్లు దగ్గరవుతుందని ఫల్గుణరావు (ఆరు) అయింది. ఆవిడ విషయంలో శ్రీ అని రాయాలా శ్రీమతి అని రాయాలా అన్నదాని మీద రెండు ఉత్తరాలు నడిచాయి. ఆఫీసుకి ఫోను వచ్చి ఫల్గుణరావు గారున్నారా అంటే, ఎన్నో ఆయనండీ అని అడగమని నాకు చెప్పారు. అడిగేవాణ్ణి. అవతలి వాళ్ళు ఫోను పెట్టేసేవారు.

ఎనిమిది మండలాలు నిండాయి, మాది ముందే నిండింది. పై నుంచి ఒక బృందం వచ్చి చూసి, శాఖ యావత్తూ ఒకే పేరు మీద నడవడంలోని సౌలభ్యం గురించి రాసుకుని, డ్రిల్లు మాస్టారి చేత ఫల్గుణరావులందరినీ వరసలో నిలబెట్టించి ఫోటో తీయించుకుని వెళ్ళింది.

పదమూడో తారీకు పొద్దున్న పశుసంవర్ధక శాఖ నుంచి మనిషి వచ్చాడు. మెరక ఊళ్ళలో పశువులకి గాలికుంటు తగిలింది, కాంపౌండరు తక్షణం కావాలి. ఉత్తర్వు కలెక్టరాఫీసు నుంచి. ఫల్గుణరావు (ఒకటి) చేతులు కడుక్కుని, నాకు నమస్కారం పెట్టి, వెంట ఆరు దూడలు రాగా వెళ్ళిపోయాడు. సర్క్యులరు ప్రకారం ఉద్యోగి రిలీవైన గంటలో ఆయన గది మూసెయ్యాలి. మూసేశారు. ఆరువందల పన్నెండు గడుల్లోనూ మళ్ళీ చిరిగిన కాగితాలు. మిగిలిన ఎనిమిది మండలాల్లో ఆ పాటికి చెవులు ఇస్తున్నారు.

పదకొండింటికి పల్లాలమ్మ వచ్చింది. ఈసారి ఒక్కతీ రాలేదు. రిక్షాలో అత్తగారు, ఒళ్ళో ఒక ట్రంకు పెట్టె, కాళ్ళ దగ్గర రెండు గిన్నెల మూటలు. పదమూడున ఇస్తారని మేమే చెప్పాం. షెల్టరు ఖాళీ చేసి వచ్చేసింది.

ఆదిశేషయ్య గారు తెర చూపించారు. ఆవిడ ఆ గడి వంక చూసింది. రిక్షా దగ్గరికి వెళ్ళి ముసలావిడ కాళ్ళ మీద దుప్పటి సర్ది వచ్చింది.

“ఈవిణ్ణి దింపాను గానీ ఇంక ఎక్కించలేనన్నయ్యా. నా వల్ల కాదు. ఇక్కడే కూచుంటాం” అంది నాతో.

లోపల సమావేశం నడుస్తోంది. రేపు సాయంత్రం లోపల ఒక ఫల్గుణరావు కావాలి. పేరు మార్చుకోవాలనుకున్నవాళ్ళందరూ మార్చుకుని కోరుకున్న ఊళ్ళకి వెళ్ళిపోయారు. నజీమా గారు తను మార్చుకుంటానంది. కాంట్రాక్టు వాళ్ళకి పథకం వర్తించదు. ఆదిశేషయ్య గారి వంక చూశారు. ఆయన తన పేరు తాతగారిదనీ, పైగా తన భార్య చేతి మీద ఆ పేరే పచ్చబొట్టు ఉందనీ చెప్పారు. పచ్చబొట్టు కూడా మార్చడానికి పథకంలో ఏర్పాటు లేదు. ఇక ఆరువందల పన్నెండు మందినీ గౌరవప్రదంగా చిత్రరహితుల జాబితాలోకి తీసుకోవడమే మిగిలిందని విశ్వపతి గారు అన్నారు. వాళ్ళకి ఒక సానుభూతి పత్రం ముసాయిదా రాయమన్నారు.

నేను మంచినీళ్ళ కూజా బల్ల మీద పెట్టాను.

“నేను పెట్టుకుంటానండి” అన్నాను.

ఏమిటి అన్నారు. పేరండి అన్నాను.

అటెండరుకి కంప్యూటర్లో గది ఉండవచ్చునా అన్న ప్రశ్న వచ్చింది. సర్క్యులరు తీసి చదివారు. పనిచేస్తున్న ఉద్యోగి అనే ఉంది. చదువు గురించి ఏమీ లేదు. నాకు ఇంకా అయిదు నెలల సర్వీసుంది. ఏ ఊరికి బదిలీ కావాలని అడిగారు. ఎక్కడికీ వద్దన్నాను. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం చెల్లదన్నారు. ‘ఉన్నచోటు’ అని రాయించాను. విశ్వపతి గారు మొహం చిట్లించారు గానీ సంతకం పెట్టారు.

జక్రయ్య అన్న పేరు నాకు మా పాస్టరు గారు నీళ్ళు చల్లి పెట్టారు. తియ్యడానికి స్టాంపు కాగితం చాలింది. మూడో తరగతిలో నేర్చిన సంతకం నాలుగక్షరాల లోపే. ‘ల్గు’ దగ్గర చెయ్యి ఆగిపోయేది. నోటరీ గారు వేలిముద్ర వేయమన్నారు. ఒకసారి రాసి చూస్తానని, నాలుగు కాగితాలు పాడు చేసి, అయిదో దాని మీద రాశాను. ఉత్తర్వులో నన్ను ఫల్గుణరావు (ఒకటి), తాత్కాలికం అన్నారు.

కాగితాలు కదిలేసరికి ఆ పూట గడిచిపోయింది. అత్తా కోడళ్ళు ఆ రాత్రికి మా ఇంట్లో ఉన్నారు. సంగతి చెబితే మా ఆవిడ శాంతమ్మ, సరేలెండి అంది. ఆవిడ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు కాబట్టి ఇంట్లో ఏ ఇబ్బందీ రాలేదు.

పద్నాలుగో తారీకు మూడు గంటల నలభై నిమిషాలకి కంప్యూటరు నా వేలు ఒప్పుకుంది. నజీమా గారు డిస్కు పెట్టింది. పేర్ల పక్క గడులు ఒక్కొక్కటే నిండుతుంటే వరండాలో వాళ్ళందరూ కిటికీ చువ్వలు పట్టుకుని చూశారు. పల్లాలమ్మ గడి నిండింది. తడి జుట్టు, బెదురు కళ్ళు, మెడ దాకా కప్పుకున్న చీర. ఆదిశేషయ్య గారు తెరనీ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసి, ఇది నువ్వేనామ్మా అన్నారు.

“మనిషిని నేనేనండి. ఆ చీర నాది కాదండి. శిబిరంలో ఎవరో కప్పారు” అంది.

చీర గురించి నిబంధనలో ఏమీ లేదని ఆయన చూసి చెప్పారు. ఎనభై ఏడో నంబరు బిళ్ళ ఉన్న చెవి ఇచ్చారు. ఆవిడ అది పైట కొంగుకి ముడివేసి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని, పరుగులాంటి నడకతో రిక్షా దగ్గరికి వెళ్ళింది. అయిదు కొట్టేసరికి ఆరువందల పన్నెండులో ఆరువందల ఆరు చెవులు వెళ్ళిపోయాయి. మిగిలిన ఆరుగురు ఈ మూడేళ్ళలో పోయారు. వాళ్ళ ఫోటోలు మాత్రం చక్కగా కనబడ్డాయి.

విశ్వపతి గారు అందరికీ బూందీ పంచిపెట్టించారు. పరిసరాలు మార్గానికి లోబడ్డాయన్నారు.

నేను గ్లాసులు కడిగి వెళ్ళబోతుంటే ఆదిశేషయ్య గారు పిలిచారు. హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఉన్నారు. ఈ రోజు జక్రయ్య రాలేదు, సెలవు చీటీ కూడా పెట్టలేదు అన్నారు. నేను ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను.

“నువ్వు వచ్చావు, నాకు తెలుసు. ఫల్గుణరావు గడిలో సంతకం కూడా ఉంది. కానీ నీ పేరు మార్పు సర్వీసు రిజిస్టరులోకి ఎక్కాలంటే పై నుంచి ధ్రువీకరణ రావాలి. పదకొండు నెలలు పడుతుంది. అందాకా జక్రయ్య కూడా పట్టీలో ఉంటాడు. ఉన్నవాడు రాకపోతే నేనేం రాయను?”

ఏం చెయ్యమంటారని అడిగాను. జక్రయ్య గడిలో కూడా సంతకం పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒకరు రెండు సంతకాలు చేయడం నేరమని ఆయనే ముందుగా చెప్పారు. ఆయన మనసుకి కూడా కష్టంగానే ఉన్నట్టుంది, రాసేటప్పుడు రెండుసార్లు కలం ఆపారు. అనుమతి లేని గైర్హాజరుకి సంజాయిషీ కోరుతూ జక్రయ్య పేరున మెమో రాసి, కవరులో పెట్టి, అటెండరు ద్వారా ఇంటి చిరునామాకి అందజేయవలెను అని పైన రాసి, నా చేతికిచ్చారు. మా ఆఫీసులో అటెండరు ఒక్కడే.

మర్నాడు పొద్దున్న చొక్కా వేసుకుని, వెనక గుమ్మంలోంచి సైకిలు బయటికి తీసి, వీధి చుట్టూ తిరిగి మా ఇంటి ముందుకి వచ్చాను. తలుపు కొట్టాను. శాంతమ్మ తీసింది. జక్రయ్య గారున్నారా అని అడిగాను.

ఆవిడ నా వంక చూసింది, చేతిలో కవరు వంక చూసింది.

“లేరండి. ఆఫీసుకెళ్ళారు” అంది.

ఎప్పుడొస్తారని అడగాలి, అది ఫారంలో ఉంది. అడిగాను. చెప్పెళ్ళలేదండి అంది. మనిషి దొరకనప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకి అంటించాలి. ఎడమ పక్కింటి ఆయన్నీ కుడి పక్కింటి ఆయన్నీ పిలిచి, జక్రయ్య ఇంట్లో లేడని సంతకాలు పెట్టించుకున్నాను. జిగురు తెచ్చుకోలేదు. శాంతమ్మే లోపల్నుంచి నాలుగు మెతుకులు అరచేతిలో పెట్టుకొచ్చి ఇచ్చింది. మెమో అంటించి, నిటారుగా ఉందో లేదో రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళాను.